అక్క ఆది రవిక

తల్లి బుచ్చవ్వ మీద చిన్నబిడ్డ అనసూర్యకున్న ఫిర్యాదు ఒక్కటే. అవ్వ అబద్ధాలాడదు, కుట్టిస్తుంది.

పెద్దపల్లిలో ఆడపిల్ల ఒంటికి దర్జీ టేపు పెట్టడం మర్యాద కాదు. ఒంటికి సరిపోయే పాత రవికను ఆదిగా పంపితే, దాన్ని చూసి కొత్తది కుడతాడు. బుచ్చవ్వ మాత్రం ప్రతి పండుగకూ పెద్దబిడ్డ కిష్టవ్వ రవికే పంపేది. కిష్టవ్వ కందిపుల్ల. అనసూర్య నిండుగా, గుండ్రంగా, పాడి ఉన్న ఇంటి పిల్లలా ఉండేది. కొత్త రవిక వచ్చినప్పుడల్లా అనసూర్య పక్క కుట్లు విప్పుకొనేది, బుచ్చవ్వ దర్జీని తిట్టేది.

"నీ కొలత ఊరందరికి ఎందుకు తెల్వాలె బిడ్డా? లగ్గం దాకా సన్నబడుతవు తియ్యి" అనేది.

రంగుల సంగతీ అంతే. అన్నీ ముదురువే, చేతులు మోచేతుల దాకా. పసుపుపచ్చ గుడ్డతో బుగ్గచేతుల రవిక కావాలని అడిగితే, బుగ్గచేతులు బక్కోళ్లు పెట్టించుకుంటరు, నీకు దేవుడే పెట్టిండు అని తీసిపారేసేది.

ఇంతలో బెల్లంపల్లి సంబంధం వచ్చింది. బొగ్గుబాయి ఆఫీసులో క్లర్కు పర్శరాములు, తల్లి ఐలవ్వతో వచ్చి పిల్లను చూశాడు. అనసూర్య చాయ్ ఇస్తూ, మర్యాదకు ఎంత చూడాలో అంతకంటే కొంచెం ఎక్కువే చూసింది. నీకేం ఇష్టమని అతనడిగితే సర్వపిండి అంది.

"చేసుడా, తినుడా?"

"చేసుడు మా అవ్వ పని."

అతను చాయ్ ఒలకబోసుకొని నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే అనసూర్య పని అయిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే ఇంకొకరికి చాయ్ ఇవ్వడం తన వల్ల కాదనుకుంది.

మాట ఖాయమైంది. సంబంధం నిశ్చయం చేసుకునే పూలుపండ్ల నాటికి చీర, రవిక మగపెండ్లివారే తేవాలి గనుక ఆది పంపమన్నారు. అనసూర్య తన రవిక మడిచి సంచిలో పెట్టింది. సంచి బెల్లంపల్లికి పోయిన మర్నాడు అదే రవిక అవ్వ పెట్టెలో కనబడింది. అంటే పోయింది అక్కది. అంతమంది ముందు తనకు రవిక పట్టకపోతే ఎట్లాగని అనసూర్య ఏడ్చింది. అప్పటిదాకా సర్వపిండి బంద్ చెయ్యమంది బుచ్చవ్వ.

వారం తిరక్కముందే, జోరువానలో ఇంటి ముందు టాంగా ఆగింది. పర్శరాములు ఒక్కడే దిగి, తడిసి ముద్దై లోపలికి వచ్చాడు. అనసూర్య తండ్రి రాయమల్లు కుర్చీ వేసి, కాబోయే అల్లుడిని కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు. సంచిలోంచి రవిక తీసి పట్టుకున్నాడు.

"మామా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. మాకు చూపిచ్చింది ఒకలను, ఇచ్చేది ఇంకొకలనా?"

రాయమల్లుకు ఏమీ అర్థం కాలేదు. ఈ రవిక చూసినప్పటి నుంచి తన తల్లి అన్నం ముట్టలేదనీ, పిల్లను మార్చే మోసగాళ్ల గడప తొక్కనని టాంగాలోనే కూర్చుందనీ చెప్పాడు పర్శరాములు.

తలుపు చాటు నుంచి బుచ్చవ్వ, "సన్నపిల్లయితే నీకేం నష్టం బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"నాకు సన్నపిల్ల వద్దత్తా. ఆ దినం చాయ్ ఇచ్చిన పిల్లనే కావాలె. ఆమెను ఇయ్యనంటే చెప్పుండ్రి, గిదే టాంగల వాపస్ పోత."

అనసూర్య అవ్వను తోసుకొని బయటికి వచ్చింది. "ఆ పిల్లను నేనే. ఆ రవిక మా అక్కది" అని తన రవిక తెచ్చి అతని చేతిలో పెట్టింది. "గుడ్డ జర ఎక్కువ పడ్తది. ముందే చెప్తున్న."

"గుడ్డదేమున్నది, అంగడి నిండ ఉన్నది. పిల్ల లేకుంట పోతదేమోననే నా ఫికర్" అన్నాడతను. ఏ రంగు కావాలన్నాడు. బుచ్చవ్వ ముదురు నీలమని మొదలుపెట్టింది గానీ అనసూర్య ముందే చెప్పేసింది, పసుపుపచ్చ అని. బుగ్గచేతులని కూడా.

"మా అవ్వ మాత్రం నా మాట నమ్మది" అన్నాడు పర్శరాములు. అందరూ బుచ్చవ్వ వైపు చూశారు.

బుచ్చవ్వ కొంగు నెత్తిన కప్పుకొని వానలోకి నడిచింది. వాడకట్టు ఆడవాళ్లంతా చూరుల కింద నిలబడ్డారు. టాంగాలో ఐలవ్వ ముఖం తిప్పుకొనే ఉంది. బుచ్చవ్వ చక్రం పక్కన నిలబడి, వాడకట్టుకంతా వినబడేటట్టే మాట్లాడింది.

"పిల్లను మార్చలే వదినా, రవికను మార్చిన. నా బిడ్డ లావుందని నేను సిగ్గుపడ్డ. నీ కొడుకు పడలే. తప్పు నాదే."