లాకుల గట్టు మీద మంట

"లక్ష్మయ్యా... ఓ లక్ష్మయ్యా..."

పిలుపు కాలువ మీది నుంచి వచ్చింది. ఆడగొంతు. కారు వెనకసీట్లో పొట్ట పట్టుకుని కూర్చున్న రత్నం ఊపిరి బిగబట్టింది.

"దాసూ... విన్నావా?"

ముందు సీట్లో ఉన్నది తమ్ముడు యేసుదాసు. స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కారులో చీకటి, బయట చీకటి... మధ్యలో కాలిన వైరు వాసన.

చెరుకుపల్లి దాటాక రేపల్లె వైపు వెళ్ళే కాలువ గట్టు మీద ఆ పాత లాకులున్న చోటుకి చెడ్డపేరు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అంతకుముందు అదెంత అందమైన చోటో. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు జారుతుంటే, వెన్నెల రాత్రుళ్ళు ఎవరో వెండి జరీ ఆరేసినట్టుండేది. ఇప్పుడు పొద్దుగూకితే ఆ గట్టు మీద సైకిలు కూడా తిరగదు. అక్కడ కొరివిదెయ్యం పరుగెత్తుతుందని చెప్పుకుంటారు. మనిషి కనపడడు, దీపం కనపడదు. నేలకి జానెడెత్తున ఎర్రటి మంట ఒక్కసారి వెలుగుతుంది... ఠప్పుమని పేలుతుంది... ఆరిపోయి, రెప్పపాటులో ఇంకోచోట వెలుగుతుంది. దాని వెంట హోరుమని ఒక గాలి.

లాకుల కాపలాదారు లక్ష్మయ్య దానికి ఎదురుపడ్డాడట. తల్లి కోటమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉందట. మంట వెళ్ళిపోయాక గట్టు మీద లక్ష్మయ్య లేడు. శవమూ దొరకలేదు. కొరివిదెయ్యమే ఎత్తుకుపోయిందన్నారు.

రత్నం ఈ కథలన్నీ విన్నదే. అయినా ఈ దారిన పోనిమ్మన్నది తనే.

ఆ సాయంత్రం దాసు తన చిన్న కారేసుకుని బాపట్ల వచ్చాడు, అక్కని తొలికాన్పుకి రేపల్లె పుట్టింటికి తీసుకెళ్దామని. తెనాలిలో గుద్దుకుని నుజ్జుగా పడున్న మారుతిని కొని, ఇంటి వెనక గొడ్లపాకలో తనే విప్పాడు, తనే బిగించాడు. స్ప్రింగులు రంపంతో కోసి కారుని నేలకి దించాడు. గోనెపట్టా మీద కార్బురేటరు పరిచి, ముత్యాల హారం విడదీసినంత మురిపెంగా ఒక్కో ముక్కా తుడిచేవాడు. అప్పట్లో వాడి కళ్ళు చూస్తే రత్నానికి ముచ్చటేసేది. ఎవరినైనా ప్రేమిస్తే ఇలాగే ప్రేమించాలి అనుకునేది.

ఆమె మొగుడు దేవసహాయం కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"లోపల తలుపులకి హ్యాండిల్సేవోయ్ బావమరిదీ?"

"తీసేశా బావా. బరువు తగ్గితే పరుగు పెరుగుద్ది. నా తలుపుకి తాడు కట్టుకున్నా, లాగితే వచ్చేస్తుంది."

"మరి మీ అక్క దిగేదెట్టా?"

"నేను దిగొచ్చి బయటనుంచి తీస్తాగా."

"అబ్బో, మహారాజుల మర్యాదే." దేవసహాయం నవ్వాడు. "చప్పుడు కూడా తగ్గినట్టుందే?"

"అక్క ఎక్కుద్దని సైలెన్సరు వేశా," అన్నాడు దాసు, తల వంచుకుని.

వెలుగుండగానే బయల్దేరాల్సింది. అత్తగారు మంగాయమ్మ ప్రార్థన చేయించందే పంపనంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, తల్లిని, పుట్టబోయే బిడ్డని, ఊరిని, కలెక్టరుగారిని, తుఫానులో పోయిన పడవల్ని కూడా తలుచుకుని ఆమెన్ అనేసరికి చీకటి పడింది.

చెరుకుపల్లిలో మొదటి నొప్పి వచ్చింది. ఇంకా నెల గడువుంది. తిన్నది పడలేదేమో అనుకుంది రత్నం. రెండోది వచ్చేసరికి తెలిసిపోయింది. ముందు రోడ్డు తవ్వేసి ఉంది, లారీలు బారులు తీరి ఉన్నాయి.

"గట్టు మీదుగా పోనీరా. దగ్గర."

"వద్దక్కా."

"దెయ్యానికి భయమా?" నొప్పిలోనే ఎగతాళి చేసింది.

వాడు నవ్వలేదు. కారు గట్టెక్కించాడు.

లాకుల దగ్గరికి వచ్చేసరికి, దాసు మోజుపడి పెట్టుకున్న పెద్ద బల్బుల వేడికి సన్నటి వైరు అంటుకుంది. పొగ... లైట్లు పోయాయి, ఇంజనూ ఆగింది. కారు కుడిపక్కకి జారి, లాకుల రాతిగోడని గీరుకుంటూ పోయి ఇరుక్కుపోయింది.

దాసు తాడు లాగాడు. తలుపు నాలుగు వేళ్ళ సందిచ్చి రాతికి ఆనింది. ఎడమపక్క తలుపులకి లోపల తాడు లేదు, లోపలినుంచి గొళ్ళెం కదిపే కడ్డీలు కూడా కోసేశాడు. వెనక డిక్కీ తలుపుకి అడ్డంగా ఇనపగొట్టం వెల్డింగు చేశాడు, కారు బిగువుగా ఉండాలని. పక్క అద్దాల చోట ప్లాస్టిక్ రేకులు. గుద్దితే వంగుతున్నాయి, పగలడంలేదు. స్క్రూలన్నీ బయటనుంచి బిగించినవే. ముందు అద్దాన్ని రెండు కాళ్ళతో తన్నాడు. కాళ్ళు నొప్పెట్టాయి. హారను మోగలేదు. పానాలు, సుత్తి, బరువని అన్నీ పాకలోనే వదిలేశాడు.

అంతా తన చేత్తోనే చేశాడు... ఒక్కటీ వదులుగా చెయ్యలేదు.

"ఎవరో ఒకరొస్తార్లే," అన్నాడు.

ఎవరొస్తారు ఈ గట్టు మీదికి? రత్నం నడుము విరుచుకుపోతోంది. ఇంకో నొప్పి... అలలాగా లేచి, ఊపిరంతా ఊడ్చుకుపోయింది. ఈ పెట్టెలోనే, ఈ చీకట్లోనే బిడ్డ పుడుతుందా? పుట్టి... ఊపిరి ఎక్కడినుంచి తీసుకుంటుంది?

"లక్ష్మయ్యా..."

ఈసారి దగ్గర్నుంచే. లాంతరు ఒకటి గట్టు మీదికి తేలుకుంటూ వచ్చింది. దాని వెనక ఒక ముసలమ్మ. తెల్లజుట్టు గాలికి విడిపోయి ఉంది. గట్టు కింద, దూరంగా, ఇంకా కొన్ని లాంతర్లు... అవి కదలడంలేదు.

"కోటమ్మత్తా," కింద నుంచి ఎవరో అన్నారు, "అది నిన్నూ తీసుకుపోద్ది. వచ్చెయ్."

రత్నం ప్లాస్టిక్ రేకుకి మొహం ఆనించింది. దెయ్యం కాదు. కొడుకు కోసం పిలుచుకునే తల్లి.

"పెద్దమ్మా, మేం మనుషులమే. రేపల్లె వాళ్ళం. నాకు నొప్పులొస్తున్నాయి. ఈ పక్క హ్యాండిలు ఒక్కసారి పైకెత్తు... అంతే చాలు."

లాంతరు ఆగింది.

"ఆడగొంతు కూడా నేర్చావన్నమాట," అంది కోటమ్మ మెల్లిగా. "పురుటి ఏడుపు కూడా."

"యేసయ్య తోడు పెద్దమ్మా..."

"ఎవరి పేరైనా చెబుతావు నువ్వు. మనుషులెవరమ్మా ఈ గట్టుకి వచ్చేది? ఇక్కడే పేలింది ఆ మంట. ఇక్కడే ఉన్నాడు నా కొడుకు. నన్ను కూడా తీసుకుపో, నాకేం భయంలేదు. కానీ ముందు వాణ్ణి ఎక్కడ పెట్టావో చెప్పు."

రత్నానికి మళ్ళీ నొప్పి వచ్చింది. పళ్ళు బిగబట్టినా కేక ఆగలేదు.

ఆ కేకకి కింద లాంతర్లన్నీ చెదిరిపోయాయి. కోటమ్మ కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. వెలుగు రత్నం చేతుల మీదినుంచి జారిపోతోంది.

"దాసూ... పిలవరా. వెళ్ళిపోతోంది."

దాసు కదల్లేదు. ఆ వెలుగులో వాడి మొహం చూసి రత్నం ఉలిక్కిపడింది. అది దెయ్యానికి భయపడ్డవాడి మొహం కాదు. ముసలమ్మకి భయపడ్డవాడి మొహం.

"బిడ్డ చచ్చిపోద్దిరా," అంది.

వాడు వంగి, రాతికి ఆనిన తలుపు సందులో నోరు పెట్టాడు.

"మామ్మా... ఆగు."

లాంతరు ఆగింది.

"దెయ్యం లేదు మామ్మా. ఎప్పుడూ లేదు." ఒక్కో మాటా పెకిలించుకుంటున్నాడు. "ఆ మంట ఈ కారు పొగగొట్టంలోది. సైలెన్సరు తీసేసి, నాన్నకి తెలియకుండా, లైట్లార్పుకుని రాత్రుళ్ళు ఈ గట్టు మీదే తోలేవాణ్ణి. యాక్సిలేటరు మీంచి కాలు తీసినప్పుడల్లా మంట చిమ్మేది... చూసుకుని మురిసిపోయేవాణ్ణి."

నీళ్ళు లాకు తలుపుల్లోంచి జారుతున్నాయి.

"ఆ రాత్రి ఎదురుగా మనిషి కనపడ్డాడు. నన్ను చూసి లాకు వైపు దూకాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను మామ్మా... విని కూడా ఆపలేదు."

లాంతరు వెలుగు మళ్ళీ రత్నం చేతుల మీదికి వచ్చింది, బయట హ్యాండిలు కదిలిన చప్పుడైంది.