‘పో’ అంటే పోయిన సముద్రం

ఊరికి రేవు ఉండడమంటే ఇంటికి వీధితలుపు ఉండడం లాంటిది. ఆ తలుపు మూసుకుపోతే లోపలివాళ్ళ బతుకు ఎలా ఉంటుందో గవ్వలరేవు వాళ్ళను అడగాలి.

తూర్పు తీరాన ఉన్న ఆ ఊరు ఒకప్పుడు రాజ్యానికంతటికీ అంగడి. ఉప్పు, తాళ్ళు, నీలిరంగు బట్టలు ఓడలెక్కి వెళ్ళేవి. లవంగాలు, చందనం, తగరం దిగేవి. ఓడ కదిలేటప్పుడు ఊరంతా రాతిమెట్ల మీద నిలబడి, "ఎల్లిరా!" అని సాగనంపేది. వెళ్ళిన ఓడ రాకుండా పోయిన రోజు ఆ ఊరు ఎరగదు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి ఉప్పుకొట్లను కరిగించి, ఇళ్ళను ఊడ్చుకుపోయింది. గాలి తెరపి ఇచ్చాక రేవు పెద్ద నీలయ్య మెట్ల మీదికి వచ్చి, చెయ్యెత్తి సముద్రాన్ని "పో!" అన్నాడు. నష్టపోయినవాడి నోటికి అదుపు ఉండదు. ఊరంతా అతనితో గొంతు కలిపింది. తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ అసిరి అనే చిన్నపిల్లకు అదొక ఆటలా తోచింది. అందరికన్నా గట్టిగా అరిచింది.

సముద్రం పోయింది. ఆ సాయంత్రమే వెనక్కి జరగడం మొదలుపెట్టి, చివరికి చూపుకు ఆనకుండా పోయింది. మెట్ల ముందు ఇసుక మిగిలింది. తుఫానుకు ముందే బయలుదేరిన పెద్దోడ మరి తిరిగి రాలేదు. అందులో తాళ్ళపని చేసే సూరన్న అసిరి తండ్రి.

రాజుగారు హోమాలు చేయించారు, కాలువ తవ్వించారు. తవ్విన చోటల్లా ఇసుక పూడింది. చివరికి సుంకం కొట్టును పక్క రేవుకు మార్చేశారు. రాబడి లేని చోట రాజు మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తాడు? వర్తకులు వెళ్ళారు. పడవలు కట్టేవారు ఆకలికి తాళలేక పడవలనే చీల్చి వంటచెరకు చేశారు. అసిరి తల్లి దాలమ్మ మాత్రం రోజూ సందెవేళ మెట్ల మీద దీపం పెట్టేది. నూనె కొనలేని రోజున ఖాళీ ప్రమిద పెట్టి వచ్చేది.

అసిరి పెద్దదయింది. ఒకనాడు నీలయ్య ఊరివాళ్ళను పోగుచేశాడు.

"ఓడమీదోళ్ళు ఇంక రారు. ఆశ పెట్టుకుని ఏం బావుకుంటాం? అమావాస్యకి ఆడోళ్ళ గాజులు తీయించేద్దారి."

దాలమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుంది. అసిరికి ఒళ్ళు మండింది.

"ఎవరు సూసినారు తాతా, సచ్చిపోనారని? నానెల్లి అడిగొత్తాను."

"ఎవర్ని అడుగుతావే పిల్లా?"

"ఆ సంద్రం గంగమ్మనే. తీసుకున్నది ఆవిడే కదా!"

నీలయ్య నవ్వాడు. నవ్వడానికి మరెవరికీ ఓపిక లేదు.

తండ్రి సగం పేని వదిలేసిన తాడును నడుముకు చుట్టుకుని అసిరి ఇసుకలో నడిచింది. పొద్దువాలే వేళకు ముందున్న ఇసుకతిన్నె లేచి కూర్చుంది. అది ఇసుక రక్కసి. తల దులుపుకుంటే ఆకాశం మసకబారింది.

"నా మీంచి ఊరకనే నడిచిపోతావేటే? ఏదో ఒకటి దించు."

"నా దగ్గర ఏటుంది?"

"నీ అడుగుజాడలు. అయి నాకిచ్చేసి ఎల్లు."

అడుగుజాడలు లేకపోతే తిరుగుదారి ఉండదు. వెనుకదారి అమ్మి ముందుదారి కొనే బేరం ఇది. తెలివైన వర్తకుడెవడూ ఒప్పుకోడు. కాని వెనక్కి వెళితే దక్కేది తల్లి బోసిచేతులే. అసిరి "తీసుకో" అంది. వెనుక ఉన్న జాడలన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి.

ఇసుక దాటాక ఎండిన మడ అడవి. నీళ్ళు లేక చెట్ల వేళ్ళు ఎముకల్లా తేలి ఉన్నాయి. అక్కడ శంఖంలో ఒక ముసలి పీత తపస్సు చేసుకుంటోంది.

"తాతా, గంగమ్మ ఎందుకెల్లిపోయింది?"

"మీరు పొమ్మంటే పోయింది," అంది పీత ముని. "మీ ఊరి మాట ఆవిడకి ఆజ్ఞ. 'ఎల్లిరా' అన్నంతకాలం ఓడల్ని తెచ్చి ఒప్పగించింది. మరి ఆవిడకి ఏటి సెప్పినారు? ఉత్త 'పో' అన్నారు. 'రా' లేదు. ఎలాగొస్తాదే ఎర్రిపిల్లా?"

భూతమో శాపమో అయితే పోరాడవచ్చు. ఇది తమ నోటి నుంచి వచ్చిన చిన్న మాట.

"దారి సూపించు తాతా."

"సూపిత్తాను. నాకు శంఖం ఉంది గాని మొకం లేదు. నీ మనసులో దాచుకున్న మొకం ఒకటి ఇచ్చెయ్."

ఆమె దాచుకున్నది ఒక్క ముఖమే. ఓడెక్కుతూ వెనక్కి తిరిగి చూసిన తండ్రి ముఖం. ఆ ముఖం కోసమే బయలుదేరింది, ఇప్పుడు దాన్నే ఇచ్చేయాలి. చాలాసేపు ఏడ్చింది. తర్వాత తల ఊపింది. మనసులో ఆ చోటు ఖాళీ అయింది. ఓడ గుర్తుంది, మెట్లు గుర్తున్నాయి, మనిషి మాత్రం లేడు.

పీత చూపిన దారిలో నడిచి, అమావాస్య నాటి తెల్లవారుజామున అసిరి సముద్రం అంచుకు చేరింది. గంగమ్మ నల్లగా, కదలకుండా పడుకుని ఉంది. చాలా దూరంలో ఒక ఓడ గుండ్రంగా తిరుగుతోంది. గంగమ్మ అందులోని వాళ్ళను చావనివ్వలేదు, ఒడ్డు చేరనివ్వలేదు.

"నీ గొంతు నాకు తెలుసు," అంది గంగమ్మ. "అందరికన్నా గట్టిగా అరిచింది నువ్వే."

"తప్పయిపోనాది తల్లీ. రా!"

ఆ మాట నోరు దాటీ దాటకముందే నీళ్ళు తాటిచెట్టు ఎత్తున లేచాయి.

"పొమ్మన్నారు, పోయాను. రమ్మన్నావు, వస్తున్నాను. మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు. మీ మెట్లు, మీ ఇళ్ళు, అన్నీ నావే."

అసిరికి సంగతి అర్థమయింది. ఉత్త 'పో' ఊరిని ఎండగట్టింది, ఉత్త 'రా' ముంచేస్తుంది. ఆ క్షణాన ఆమెకు తల్లి గుర్తుకు వచ్చింది. చుట్టాన్ని సాగనంపుతూ గుమ్మంలో నిలబడి తల్లి అనే మాట గుర్తుకు వచ్చింది.

"అమ్మా, ఆగు! మా ఇంటి ఆడపడుసువి నువ్వు. వొచ్చిపోతుండు!"

లేచిన కెరటం గాలిలోనే నిలిచింది. మెల్లగా వంగింది.

"ఆడపడుచునంటున్నావు కాబట్టి చూసిపోవడానికి వస్తాను, కాపురముండను. మీ రేవులో పెద్దోడలు ఇక నిలవవు. ఒప్పుకుంటావా?"

ఊరి కలిమినంతా తూకంలో ఒక పక్క పెట్టి, రెండో పక్క ఆ ఒక్క ఓడను పెట్టింది అసిరి. "ఒప్పుకున్నాను," అంది.

పోటు కదిలింది. నీళ్ళు ఆమెను ఎత్తి ఓడ పక్కకు చేర్చాయి. ఎవరో తాడు విసిరి పైకి లాగారు. చుట్టూ నెరిసిన గడ్డాలు, ఎండకు కమిలిన ముఖాలు. ఆమె ఒక్కొక్కరినీ చూసింది. అందరూ పరాయివాళ్ళే. పైకి లాగిన ముసలివాడు అడిగాడు.

"ఎవరి పిల్లవే నువ్వు? ఈ నడిసంద్రంలో ఏటి సేత్తున్నావు?"

"గవ్వలరేవులో తాళ్ళు పేనే సూరన్న కూతుర్ని."

ముసలివాడి చేతిలోంచి తాడు జారిపోయింది. అతని కళ్ళు ఆమె నడుముకు చుట్టుకున్న సగం తాడు మీద నిలిచిపోయాయి.

"అది నాను పేనిందే," అన్నాడు.

అసిరి ఆ ముఖాన్ని కొత్తగా చూడడం మొదలుపెట్టింది.

గవ్వలరేవులో ఆడవాళ్ళు గాజులు తీయించుకోవడానికి మెట్ల మీద వరసగా కూర్చున్నారు. నీలయ్య దాలమ్మ చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పాదాలకు ఏదో చల్లగా తగిలింది. వంగి చూస్తే నురగ.

ఓడ మెట్ల ముందు ఇసుకలో కూరుకుపోయింది. అది మళ్ళీ కదలలేదు. దాని చెక్కలు ఇళ్ళకు తలుపులయ్యాయి. కొందరు ఓడవాళ్ళ ఇళ్ళు తుఫానుకే పోయాయి, వాళ్ళకు ఎదురుచూసేవాళ్ళు లేరు. సుంకం కొట్టు తిరిగి రాలేదు. రాజ్యం ఆ ఊరిని మరిచిపోయింది. నీలయ్య మాత్రం తన చేతికర్ర తెచ్చి అసిరి చేతిలో పెట్టి, రేవు పెద్దరికం అప్పగించాడు. పోటు నీళ్ళు తెచ్చే పిల్లకాలువలో చిన్న పడవలకు సరిపడే రేవే అయినా, ఊరికి మళ్ళీ ఒక తలుపు ఉంది.

పిల్లలూ, మీరు ఆ ఊరు వెళితే మెట్ల దగ్గర కాసేపు నిలబడండి. నీళ్ళు వస్తాయి, వెళతాయి. ఆ ఊళ్ళో ఉత్త 'పో' అనే మాట లేదు. వడియాల మీద వాలిన కాకిని తోలేటప్పుడు కూడా ముసలమ్మలు చెయ్యి ఊపి, "వొచ్చిపోతుండు," అనే అంటారు.