ఏసీకి అప్పగించిన అసలు పేర్లు

నిన్న మిట్టమధ్యాహ్నం రైలు దిగుతున్న ఏజెంట్‌ని ప్లాట్‌ఫారం మీదే కాల్చేశారు.

"అతని అసలు పేరు మన సర్వర్‌లో తప్ప ఎక్కడా లేదు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠాకి ఎలా తెలిసింది?"

ఎదురుగా కూర్చున్నామెను ఆఫీసంతా వదిన అనే పిలుస్తుంది. ఆమె మరిదీ ఏజెంటే. సరిహద్దు అవతల మారుపేరుతో బతుకుతున్నాడు. అతని అసలు పేరూ ఆ సర్వర్‌లోనే ఉంది.

"సర్వర్ గది చల్లదనం చూసే ఏసీ ప్రోగ్రాం బయటివాళ్లది కదా సర్. దానికి మనమేం ఇచ్చాం?"

"ఉష్ణోగ్రత చెప్పే ఆబ్జెక్ట్. చిన్న సమాచారపు మూట, అంతే."

"పైకి ఆ టైపు. లోపలున్నది ఏజెంట్ల వివరాలన్నీ మోసే ఆబ్జెక్టే. కొత్తది రాయడానికి బద్ధకించి, దానికే ఉష్ణోగ్రత ముసుగు తొడిగి పంపారు. డౌన్‌క్యాస్ట్ చేస్తే, అంటే నీ అసలు టైపు చూపించమంటే, ముసుగు ఊడుతుంది."

"అయినా పేర్లన్నీ ప్రైవేట్ కదా, బయటి ప్రోగ్రాంకి కనపడవు!"

"ప్రైవేట్ అంటే కిటికీకి తెర సర్, తాళం కాదు. మనం గట్టిగా కాపలా పెట్టకపోతే రిఫ్లెక్షన్‌తో, అంటే ఆబ్జెక్ట్ లోపల ఏముందో తడిమి చూసే పద్ధతితో, ఎవరైనా ఎత్తి చూడొచ్చు."

చీఫ్ మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆ ప్రోగ్రాం మన కన్సల్టెంట్ మేడం తెచ్చింది. పాతదానికి ఒక్క పేరే చిక్కినట్టుంది. ఈ మధ్యాహ్నం కొత్త వెర్షన్ ఎక్కిస్తుంది. వెళ్లి చూడండి. కోడ్ మాత్రం ముట్టుకోవద్దు. ఇది ఆర్డర్."

"చూస్తూ కూర్చుంటే మా మరిది శవాన్ని చూడాల్సొస్తుంది," అని లేచింది వదిన.

ఏసీ మెకానిక్ టోపీ పెట్టుకుని సర్వర్ గదిలో ఏసీ ఫిల్టర్ విప్పింది. టూల్ బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఏసీ ప్రోగ్రాంని విడిగా నడిచే వేరే ప్రాసెస్‌లోకి నెట్టేసి, పేర్లున్న ఆబ్జెక్ట్‌ని దాని దరిదాపుల్లో లేకుండా చేసింది. బదులుగా ఉష్ణోగ్రత మాత్రమే ఉన్న చిన్న ఆబ్జెక్ట్ ఒకటి కొత్తగా రాసిచ్చింది. చివరి లైను పూర్తవుతుండగానే హైహీల్స్ చప్పుడు.

కన్సల్టెంట్ ముత్యాల చెవిపోగులు సవరించుకుంటూ వచ్చి, మెకానిక్ వైపు కన్నెత్తైనా చూడకుండా, లిప్‌స్టిక్ అడుగున దాచిన డ్రైవ్‌ని సర్వర్‌కి తగిలించింది. డౌన్‌క్యాస్ట్ చేసింది. 'ఇది ఆ టైపు కాదు' అని స్క్రీన్ మీద ఎర్రగా ఎక్సెప్షన్ పడింది. పళ్లు కొరుక్కుంటూ రిఫ్లెక్షన్‌తో ప్రైవేట్‌గా దాచినవన్నీ తెరిచింది. ఉన్నది ఒక్కటే.

గది ఉష్ణోగ్రత: 24.

ఆమె పిస్తోలుతో గిర్రున తిరిగింది. "వదినగారూ! కోడ్ ఎవరూ ముట్టుకోకూడదని మీ చీఫ్‌కి ముందే షరతు పెట్టానే, ఆయన చెప్పలేదూ?"

"చెప్పారమ్మా. మా అత్తగారు ఈ ఉద్యోగమే వద్దన్నారు." వదిన కాలర్ మైకులోకి వంగింది. "ఫిల్టర్ శుభ్రమైంది."

ఆ సంకేతపు మాటతో పాటే ఆమె విదిల్చిన ఫిల్టర్‌లోని దుమ్మంతా కన్సల్టెంట్ కళ్లలో పడింది. గురి తప్పి పేలిన గుండు సీలింగ్‌ని చీల్చింది. బయట కాపు కాసిన ఆఫీసు మనుషులు తలుపు తోసుకొచ్చి ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

సాయంత్రం చీఫ్ పిలిచాడు. "మీ మరిది క్షేమం. కానీ ఆర్డర్ ధిక్కరించారు. జరిగిందంతా రాసివ్వండి."

"అంతా ఎందుకు సర్," అంది వదిన, పెన్ను తీస్తూ. "మీరు చూడాల్సినంత రాస్తాను."