తెర కింది పట్టీ మీద

ఓలెవ్ చనిపోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అందులో తొమ్మిది నిమిషాలు అతను దాల్చినచెక్క బన్ను కోసం వరుసలో నిలబడే ఉన్నాడు.

నవంబరు శనివారం, ఉదయం తొమ్మిది. ఎస్తోనియా రాజధాని తాలిన్ నగరంలో ఏటా జరిగే ప్రపంచ సినిమా ఉత్సవానికి అది రెండో రోజు. కోయిట్ సినిమా హాలు లాబీలో అప్పటికే తడి కోట్ల వాసన కమ్ముకుంది. పసుపు జాకెట్ వేసుకున్న కొరియర్ మనిషి వచ్చాడు. ఓలెవ్‌కి ఓ ప్యాకెట్ ఇచ్చి, సంతకం పెట్టమని పెన్ను అందించి, మళ్లీ అది తీసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి ఓలెవ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ప్యాకెట్‌లో ఉన్నది ఉత్సవం క్యాటలాగు మాత్రమే.

హెల్వి వచ్చేసరికి అతని మీద ఎవరో కోటు కప్పారు. బయటకి వచ్చి ఉన్న చేతిలో రెండు బన్నుల టోకెన్లు ఉన్నాయి. రెండోది ఆమె కోసమే. ఏడేళ్లుగా గూఢచారి శాఖలో ఇద్దరూ ఒకే జట్టు. ఆమె వంగి అతని చూపుడువేలు చూసింది. కొసన ఎర్రటి చుక్క, ఆవగింజలో సగం.

ఆమెకి ఒళ్లంతా మండిపోయింది.

హాలు వెనక వీధిలో, వాన కలిసిన మంచులో, ఆమె పై అధికారి ఆర్వో కారులో కూర్చుని ఉన్నాడు. హెల్వి ఎక్కి తలుపు దబాలున వేసింది.

"గుండెపోటు," అన్నాడు ఆర్వో.

"వేలి మీద సూదిపోటు ఉంది."

"చూశాను. పత్రికలకి మాత్రం గుండెపోటే. తలుపు అలా వేయకు, హెల్వి. ఇది ప్రభుత్వం కారు."

"ఓలెవ్ కూడా ప్రభుత్వం మనిషే."

ఆర్వో విననట్టు ఫైలు తెరిచాడు. మిషన్ ఆమెకి తెలిసిందే. తూర్పు పొరుగు దేశం నుంచి పారిపోయి వచ్చిన దర్శకుడు జహార్ వెరెనిచ్ ఆ దేశపు ఖైదీల శిబిరంలో దొంగచాటుగా తీసిన సినిమా మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ మొదటిసారి ఆడబోతోంది. సినిమా అయ్యాక అతను వేదికెక్కి తొమ్మిది పేర్లు చదువుతానన్నాడు. ఆ శిబిరాన్ని నడిపి, ఇప్పుడు మారుపేర్లతో యూరప్ నగరాల్లో హాయిగా బతుకుతున్న తొమ్మిది మంది పేర్లు. అవి కాగితం మీద లేవు. అతని తలలో మాత్రమే ఉన్నాయి. అతన్ని విమానాశ్రయం నుంచి తెచ్చి కాపాడే డ్రైవరు వేషం ఓలెవ్‌ది.

"ఆపేద్దామంటావా?" అన్నాడు ఆర్వో. "ఆపితే మనం భయపడ్డామంటారు. మంత్రి గారు వస్తున్నారు. సినిమా ఆడుతుంది."

"ఆడాలి. ఓలెవ్ డ్రైవరు కాదని ఎంతమందికి తెలుసు?"

"నాకూ, నీకూ."

"మార్గోకీ."

ఆర్వో ఫైలు మూసేశాడు. "ఆవిడ జోలికి వెళ్లకు. నాలుగేళ్లలో మనకి పదహారు మంది వేగుల పేర్లు ఇచ్చింది."

"ఆ పదహారు మందీ పొరుగు దేశం వాళ్లకి పనికిరాని సరుకు సార్. వాళ్లు పారేసిన చెత్త ఏరుకుని మనం పతకాలు పంచుకున్నాం."

"ఆధారం ఉందా?"

"సాయంత్రానికి తెస్తాను," అంది హెల్వి. ఈసారి తలుపు ఇంకా గట్టిగా వేసింది.

మార్గో ఎల్మ్ తాలిన్‌లో పుట్టి, పన్నెండో ఏట తల్లితో పారిస్ వెళ్లి, ముప్ఫై సినిమాల్లో వేసిన తార. ఈ ఏడాది జ్యూరీ సభ్యురాలు. హోటల్లో ఆమె మేకప్ గదికి హెల్వి పన్నెండింటికి వెళ్లింది.

"నల్ల రొట్టె అయిపోయిందా?" అని తలుపు అవతల నుంచే అడిగింది మార్గో. అది కోడ్.

"అంచు ముక్క మిగిలింది."

తలుపు తెరుచుకుంది. ఎర్ర గౌను, భుజాల మీద తువ్వాలు. విషయం అప్పటికే హోటలంతా పాకింది. మార్గో హెల్విని కావలించుకుంది. "ఓలెవ్ గురించి విన్నానే. ఎంత నెమ్మదైన మనిషి!" అంటూ కాటుక చెదరకుండా కంటికొసలు మాత్రం అద్దుకుంది.

ఆ అద్దుకోవడం చూస్తుంటే, బల్ల మీదున్న జుట్టు ఆరబెట్టే మిషన్ తీసి ఆ మొహాన కొట్టాలనిపించింది హెల్వికి. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.

"నీ ఒక్కదానికే చెబుతున్నా," అంది గొంతు తగ్గించి. "ఆర్వోకి కూడా తెలియదు. జహార్‌ని జనంలో దాస్తున్నాను. ఐదో వరుస, నాలుగో సీటు. బూడిదరంగు ఉన్ని టోపీ పెట్టుకుంటాడు."

"నాకెందుకు చెబుతున్నావు?"

"నువ్వూ హాల్లోనే ఉంటావుగా. అటు ఓ కన్ను వేసి ఉంచు."

"నా ప్రాణం పెట్టి చూస్తా," అంది మార్గో.

అది వల. ఆ టోపీ పెట్టుకుని ఆ సీట్లో కూర్చోవలసింది తావి అనే కుర్ర ఏజెంటు. జహార్ వేదిక వెనక గదిలో ఉంటాడు. ఉత్సవంలో సీట్లకి నంబర్ల పట్టింపు లేదు, ముందొచ్చినవాడిదే సీటు. ఆ టోపీ వెనక సీటు కోసం ఎవడు పాకులాడతాడో, వాడే ఓలెవ్‌ని చంపినవాడు. వాణ్ణి పంపింది మార్గో అని అప్పుడు ఆర్వో కూడా ఒప్పుకోక తప్పదు.

హెల్వి వేషం మూడేళ్లుగా ఒక్కటే. ప్రతి నవంబరులోనూ ఆమె ఉత్సవానికి సబ్‌టైటిల్ ఆపరేటరు. సినిమా మీద ఇంగ్లిష్ అక్షరాలు ముందే అచ్చయి ఉంటాయి. తెర అడుగున వేరే నల్ల పట్టీ ఉంటుంది. దాని మీద ఎస్తోనియన్ వాక్యాలు వెలుగుతాయి. హాలు పక్క గోడన, తెర వైపు సాగిన బాల్కనీ కొసన, మందపాటి గాజు క్యాబిన్‌లో కూర్చుని ఒక్కో మాటకీ ఒక్కో మీట నొక్కాలి. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే టైపు చేసి దిద్దుకోవచ్చు.

రెండింటికి నాలుగు వందల సీట్లూ నిండాయి. హెల్వి చిన్న బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుంది. ఐదో వరుస, నాలుగో సీట్లో ఉన్ని టోపీ. సరిగ్గా దాని వెనక, ఆరో వరుసలో, ఆకుపచ్చ మఫ్లర్ మనిషి. మెడలో లిస్బన్ విమర్శకుడని బ్యాడ్జి. హాలు పనివాడు వచ్చి ఎస్తోనియన్‌లో ఏదో చెప్పి నడవలోని సంచి వైపు చూపించాడు. మఫ్లర్ వాడు తల అడ్డంగా ఊపాడు. పనివాడు ఇంగ్లిష్‌లోకి దిగాక గానీ సంచి కదల్లేదు. ఒళ్లో క్యాటలాగు, దాని మధ్య పెన్ను.

వల బిగిసింది. హెల్వి చెవిలోని మైకు నొక్కింది. "దొరికాడు. తావి వెనకే. మనుషుల్ని పంపండి."

"తావి అక్కడ లేడు," అంది ఆర్వో గొంతు. "మంత్రి గారికి వెనక ఇంకో మనిషి కావాలన్నారు. పిలిపించేశాను."

"మరి టోపీలో ఉన్నదెవరు?"

సమాధానం రాకముందే ఆమెకి కనిపించింది. టోపీ మనిషి పక్కకి తిరిగి నవ్వాడు. పాయల గడ్డం, విరిగిన ముందుపన్ను. జహార్! 'నా సినిమా నేను జనంతోనే చూస్తాను' అని పొద్దున్నుంచీ పట్టుబడుతూనే ఉన్నాడు. కాపలా లేని గది నుంచి నడిచి వచ్చి, తావి వెళ్తూ వెళ్తూ ఆ సీట్లోనే వదిలేసిన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆర్వో! టోపీలో ఉన్నది దర్శకుడే!"

చెవిలో సుయ్‌మని మోత. ఎవరో సిగ్నల్ చంపేశారు. దీపాలు ఆరిపోయాయి. హెల్వి తలుపు దగ్గరికి పరిగెత్తింది. బయట తాళం తిరిగిన చప్పుడు. భుజంతో గుద్దింది. కదల్లేదు. మళ్లీ గాజు దగ్గరికొచ్చి చూస్తే, బాల్కనీ మెట్లు దిగి వెళ్తున్న ఎర్ర గౌను కనిపించింది. మార్గో జ్యూరీ వరుసలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుంది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

హెల్వి గాజు మీద పిడికిళ్లతో బాదింది. అది చప్పుడు దాటనివ్వని గాజు. కుర్చీ ఎత్తి కొట్టింది. కుర్చీ కాలు విరిగింది. సినిమా మొదలైంది. చేతులు అలవాటు కొద్దీ మీటలు నొక్కుతూనే ఉన్నాయి. నోరు మాత్రం ఆర్వోనీ, మంత్రినీ, తావినీ, మొండి దర్శకుణ్ణీ, అందరికంటే ఎక్కువగా తననీ తిడుతూనే ఉంది. ఆ సీటు నంబరు చెప్పింది తనే.

డెబ్బయ్యో నిమిషం దాటింది. తెర మీద శిబిరం సైరన్ మోగబోతోంది. ఆ హోరులో, ఆ చీకటిలో ఒక మనిషి ముందుకి వాలితే ఎవరికీ తెలియదు. పదకొండు నిమిషాలకి దీపాలు వెలిగేసరికి తొమ్మిది పేర్లూ చచ్చిపోయి ఉంటాయి. డాక్టరు గుండెపోటని రాస్తాడు.

మఫ్లర్ వాడు క్యాటలాగు లోంచి పెన్ను తీశాడు. మూత తిప్పుతున్నాడు.

హెల్వి బైనాక్యులర్‌లో వాడి కళ్లు చూసింది. అవి తెర మీది ఇంగ్లిష్ అక్షరాల మీద నిలిచి ఉన్నాయి. కింది పట్టీ వైపు ఒక్కసారీ దిగలేదు.

తూర్పు నుంచి వచ్చి యాభై ఏళ్లు ఈ ఊరిని ఏలినవాళ్లకి ఈ భాషలో రొట్టె అడగాలనిపించలేదు. పట్టుమని పది లక్షల మంది మాట్లాడే భాష, నేర్చుకోవడం దండగ అనుకున్నారు. ఆమె తాతని రైలెక్కించి శిబిరానికి పంపిన కాగితం కూడా తాత చదవలేని భాషలోనే ఉంది. వీడూ ఆ తానులో ముక్కే. హెల్వి తర్వాతి వాక్యం చెరిపేసింది. వేళ్లు మీటల మీద ఉరికాయి.

తెర మీద ఖైదీ ఒకడు రొట్టె తుంచుతున్నాడు. కింద పట్టీ మీద వెలిగింది:

'ఇది సినిమాలోని మాట కాదు. నిజం. తలలు తిప్పకండి.'

తర్వాత:

'ఆరో వరుసలో ఆకుపచ్చ మఫ్లర్ వాడి చేతిలో ఉన్నది విషం పెన్ను ముందు సీట్లో వాణ్ణి చంపబోతున్నాడు.'

తర్వాత:

'వాడికి మన భాష రాదు. పట్టుకోండి.'

నాలుగు వందల మంది చదివారు. నాలుగు వందల మందీ బిగుసుకుపోయారు. ఎస్తోనియా మనిషి బస్సులో పరాయివాడి పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్తాడు. అలాంటిది, ముక్కూ మొహం తెలియనివాడి చెయ్యి పట్టుకోమంటే? ఒక క్షణం. రెండు. మఫ్లర్ వాడు ముందుకి వంగాడు. సైరన్ అందుకుంది.

హెల్వికి కళ్లు ఎర్రబడ్డాయి. దడదడమని కొట్టింది:

'లేవండి, దద్దమ్మల్లారా!'

మఫ్లర్ వాడి పక్కన నెరిసిన జుట్టు ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్లోని ఇనప ఫ్లాస్కు ఎత్తి వాడి మణికట్టు మీద ఒక్కటి వేసింది. పెన్ను జహార్ మెడకి జానెడు దూరంలో గాల్లో ఎగిరి నేల మీద పడింది. వెనక వరుస కుర్రాడు మఫ్లర్ పట్టి వెనక్కి గుంజాడు. ఆపైన కట్టలు తెగాయి. పెద్దమనుషులు, విద్యార్థులు, ఓ నర్సు, అందరూ వాడి మీద పడ్డారు. ఒక్కరూ అరవలేదు. అంత పనీ దాదాపు నిశ్శబ్దంగానే చేశారు.

జహార్‌కి ఆ భాష రాదు. వెనక్కి తిరిగి, తన సినిమా నచ్చక కొట్టుకుంటున్నారేమోనని బిత్తరపోయి చూస్తున్నాడు.

హాల్లో ఆ పట్టీ చదవగలిగిన శత్రువు ఒక్కతే. మార్గో లేచి, తలుపు వైపు వడివడిగా నడిచింది. హెల్వి కొట్టింది:

'ఎర్ర గౌను ఆవిడ తలుపు దాటకూడదు.'

నడవలో ఇద్దరు లావుపాటి ఆడవాళ్లు లేచి, చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. చిన్నప్పటి భాషలో, చిన్నప్పటి యాసలో మార్గో "దారివ్వండమ్మా" అని బతిమాలింది. వాళ్లు కదల్లేదు.

నాలుగున్నరకి బయట చీకటి పడుతోంది. లాబీలో మార్గో చేతులకి సంకెళ్లు వేసి కూర్చోబెట్టారు. కాటుక ఇప్పటికీ చెదరలేదు.

"నాలుగేళ్లు నీతో కాఫీ తాగాను," అంది హెల్వి.

"నువ్వు నమ్మావు. అది నా తప్పా?"

"వాడెవడు?"

"లిస్బన్ వాడేం కాదులే." మార్గో నిర్లక్ష్యంగా భుజాలు ఎగరేసింది. "ఇక్కడే పుట్టాడు. వాళ్ల నాన్న అప్పట్లో ఈ ఊరిని ఏలిన సైన్యంలో ఆఫీసరు. వాడు పంతొమ్మిదేళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాడు."

పంతొమ్మిదేళ్లుండి భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు! హెల్వి పళ్లు కొరికింది. ఆమె మాట్లాడేలోపు ఆర్వో మంటలా వచ్చి పడ్డాడు.

"మంత్రి గారి ముందు! దద్దమ్మల్లారా అనా! ఆయన కూడా అదే హాల్లో ఉన్నారని తెలుసా నీకు?"

"ఆయన లేచారా?"

ఆర్వో కోటు గుండీలు పెట్టుకోసాగాడు.

"అయితే ఆయనకి కూడా వర్తిస్తుంది," అంది హెల్వి. "నా సంగతి తర్వాత. ముందు పత్రికలకి ఫోన్ చేయండి. ఓలెవ్‌ది గుండెపోటు కాదు, హత్య అని చెప్పండి. డ్యూటీలో ఉండగా, దేశం కోసం అని చెప్పండి. మీ మనిషిని మీరే మంత్రి వెనక్కి లాక్కున్నారని కూడా చెబుతారో, నన్ను చెప్పమంటారో మీ ఇష్టం."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"అవును."

ఆర్వో ఆమె మొహం చూశాడు. అక్కడ ఏం కనిపించిందో గానీ, ఫోన్ తీశాడు.

లోపల మైకులో జహార్ గొంతు వినిపిస్తోంది. నెమ్మదిగా, ఒక్కో పేరూ నమిలినట్టు చదువుతున్నాడు. ఆరు. ఏడు. హాల్లో ఎవరూ దగ్గడం లేదు. హెల్వి గోడకి ఆనుకుని వింది. తొమ్మిదో పేరు వినపడ్డాక గానీ ఆమె పిడికిళ్లు విడివడలేదు. అప్పుడు ఓలెవ్ గుర్తొచ్చాడు. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎవరో భుజం తట్టారు. ఫ్లాస్కు ముసలావిడ. ఫ్లాస్కుకి ఓ పక్క సొట్ట పడింది.

"పట్టీ మీద టైపు చేసింది నువ్వేనా అమ్మాయ్?"

"అవునండీ. మీరు లేకపోతే ఈపాటికి..."

"అది సరే," అంది ఆవిడ, కళ్లద్దాలు సర్దుకుంటూ. "ముప్ఫై ఎనిమిదేళ్లు బడిలో భాష చెప్పాను నేను. రెండో వాక్యంలో 'పెన్ను' తర్వాత కామా వదిలేశావు. 'దద్దమ్మల్లారా' ముందు మాత్రం సరిగ్గా పెట్టావు. అందుకే లేచాను."