పడినా నవ్వే పిల్ల

శనివారం ఉదయం చర్చి హాలు ఊడ్చి వచ్చిన వీకాకి గుమ్మంలోనే కూతురి నవ్వు వినిపించింది. టోంగా దీవుల నుంచి వలస వచ్చి ఉంటున్న మాంగెరెలోని ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలాకాలమైంది. ఇంకోరోజయితే సంతోషించేదే.

ముందుగదిలో చాప మీద కూర్చుని లూపే వీడియో గేమ్ ఆడుతోంది. టీవీలో ఓ బొమ్మమనిషి కొండ ఎక్కుతూ జారి లోయలో పడ్డాడు. లూపే పకపకా నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పడ్డాడు. మళ్లీ నవ్వింది.

"కాలేజీ మానేశావటగా? నీ స్నేహితురాలు చర్చిలో అందరి ముందూ అడిగింది, లూపే రావట్లేదేం ఆంటీ అని."

నవ్వు ఆగిపోయింది.

"నర్సు పరీక్ష మళ్లీ పోయిందమ్మా. నీకు చెప్పాలంటే భయమేసింది."

"పరీక్ష పోతే చదువు మానేస్తావు. ఈ దిక్కుమాలిన బొమ్మ వందసార్లు పడితే మాత్రం ఇకిలిస్తూ కూర్చుంటావు! దీనిమీదున్న పట్టుదల దానిమీద ఏదే?" అంటూ వీకా ప్లగ్గు లాగేసింది.

లూపే చీకటి తెరనే చూస్తూ నెమ్మదిగా అంది. "ఇందులో పడితే ఎవరూ నిట్టూర్చరమ్మా."

"ఏంటీ?"

"ఈ ఆట పడ్డచోటే మళ్లీ నిలబెడుతుంది. ఎందుకు పడ్డానో నాకే తెలుస్తుంది. ఇంకొక్కసారి చూద్దాం అనిపిస్తుంది. నువ్వేమో ఇవాళ తప్ప ఎప్పుడూ తిట్టను కూడా తిట్టవు. ఓ నిట్టూర్పు విడిచి వంటింట్లోకి పోతావు. ఆ తర్వాత పుస్తకం తెరవడానికి నాకు చేతులు రావు."

టోంగాలో తల్లి చేతి దెబ్బలు తిని పెరిగిన మనిషి వీకా. బిడ్డ మీద చెయ్యి ఎత్తనని ఒట్టు పెట్టుకుంది, నిలబెట్టుకుంది. వంట మాడినా, చర్చిలో పాట తప్పినా, మొదటి పరీక్ష పోయినా పల్లెత్తు మాట అనలేదు. అదే తన మంచితనం అనుకుంది ఇన్నాళ్లూ.

ప్లగ్గు మళ్లీ పెట్టి, కూతురి పక్కన చతికిలబడింది.

"ఎలా ఆడాలో చూపించు."

"నువ్వా?"

"ఊఁ, నేనే."

మొదటి అడుగుకే పడింది. రెండోసారీ అంతే. నాలుగోసారి ఓ బండదాకా ఎక్కి, అక్కడా జారింది. సిగ్గుతో, తప్పు చేసిన పిల్లలా కూతురి ముఖంలోకి ఓరగా చూసింది.

"పర్లేదమ్మా. ఆ బండ దగ్గర అందరూ పడతారు. మళ్లీ ఎక్కు."

అంత చిన్న మాటకి వీకా కళ్లు నిండిపోయాయి.

"ఆ మాట మొదటిసారి పరీక్ష పోయినప్పుడే నీకు నేను చెప్పాల్సింది. చెప్పలేదే తల్లీ."

లూపే తల్లి భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

"సోమవారం కాలేజీకి నేనూ వస్తాను. మళ్లీ చేర్చుకుంటారేమో అడుగుదాం."

"చేర్చుకోకపోతే?"

"అప్పుడేం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం," అంది వీకా, కూతురి జుట్టు సవరిస్తూ. చదువులో వృథా అయిన ఏడాది తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు.