మల్లెనీళ్ళ మీద నూనె

వేసవి వచ్చిందంటే ఆ ఇంట్లో కోడి కంటే ముందు రంపై లేస్తుంది. థాయ్ దేశపు పేట్చబురి ఊళ్ళో, నది ఒడ్డునున్న చెక్క ఇంటి వెనక వసారాలో కూర్చుని, ఉడికిన మెతుకుల్ని చన్నీళ్ళలో మెత్తగా రుద్ది గంజి వదిలిస్తుంది. మెతుకు విరగకూడదు. కడిగిన నీళ్ళు తేటగా రావాలి. రాత్రంతా మల్లెలు తేలి, పరిమళపు కొవ్వొత్తి పొగ పట్టిన నీళ్ళు పక్కనే మట్టికుండలో ఉంటాయి. ఆ నీళ్ళలో ఈ అన్నం వేస్తే ఖావ్ చే. చద్దన్నానికి పట్టుబట్ట కట్టినట్టుండే వంట అది. నంజుకోవడానికి వేయించిన రొయ్యముద్ద ఉండలు, తీపి చేప, తీపి ముల్లంగి. దీని కోసమే ఎక్కడెక్కడి యాత్రికులో మండుటెండల్లో వాళ్ళింటికొచ్చి, రెండ్రోజులుండి, తిని, నేర్చుకుని పోతుంటారు.

"ఉండలు మాడుతున్నాయేమే?" లోపల్నుంచి తల్లి ప్రయోంగ్ కేక వేసింది.

"మాడలేదమ్మా, వేగాయి. నీ ముక్కు నీకంటే ముందే లేచినట్టుంది!"

"మాటకి తక్కువ లేదు. ముందు వాడి గిన్నె నింపు."

రంపై నీలం అంచు గిన్నెలో అన్నం వేసి, మల్లెనీళ్ళు పోసింది. నంజుళ్ళు చిన్న పళ్ళెంలో సర్దింది. ప్రయోంగ్ వచ్చి, ఆ రెండూ పళ్ళెరంలో పెట్టుకుని, నదిలోకి దిగే మెట్ల దగ్గరున్న బల్ల మీద పెట్టింది. ఆరేళ్ళుగా ఇదే వరస. ఆ ఇంట్లో ఏది వండినా మొదటి గిన్నె దేచాది.

దేచా రంపైకి తమ్ముడు. చేపల పడవెక్కి సముద్రంలోకి వెళ్ళాడు. తుఫాను వచ్చింది. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ అతను రాలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు ఏడ్చారు, కర్మలు చేశారు, కడుపులో దిగమింగుకున్నారు. ప్రయోంగ్ మాత్రం కంట తడి పెట్టలేదు. "శవం చూపించండి, అప్పుడు ఏడుస్తాను" అంది. ఆ మాట మీదే నిలబడిపోయింది.

ఆ దేశంలో చనిపోయినవాళ్ళకి అన్నం చేరే దారి ఒక్కటే. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిన భిక్షువుకి భిక్ష పెట్టాలి. ఆయన దీవెన చదువుతుంటే, పోయినవాళ్ళ పేరు తలుచుకుంటూ చిన్న చెంబుతో సన్నటి ధారగా నీళ్ళు వదలాలి. అలా వదలని ప్రాణికి ఎదురుగా విందు పరిచినా మెతుకు అందదంటారు. దేచాకి ఇంతవరకు ఎవరూ నీళ్ళు వదలలేదు. ప్రయోంగ్ వదలనివ్వలేదు.

"అమ్మా," అంది రంపై చేతులు తుడుచుకుంటూ, "ఇవాళ కొత్త సంవత్సరం. భిక్షువుగారు వస్తారు. ఇవాళైనా..."

"ఇవాళైనా?"

"తమ్ముడికి నీళ్ళు వదులుదాం."

"పండగ పూట నోరు మంచిదవ్వాలే! బతికున్న తమ్ముడికి నీళ్ళు వదులుతాననే అక్కని నిన్నే చూశాను."

"మళ్ళీ కలలోకి వచ్చాడమ్మా. అడుగు మెట్టు మీద నిలబడ్డాడు. బట్టలు తడి. 'అక్కా, ఆకలేస్తోంది' అన్నాడు."

ప్రయోంగ్ మొహం గోడలా బిగుసుకుపోయింది. "నే స్నానం చేసొస్తా" అని లోపలికి వెళ్ళిపోయింది.

రంపై మళ్ళీ అన్నం ముందు కూర్చుంది గానీ చేతులు ఆడలేదు. కలలోని ఆ తడి బట్టల వాసన ఇంకా వసారాలోనే ఉన్నట్టనిపించింది. ఇలా ఎన్నాళ్ళు? ఇంటి మగబిడ్డ అటు లోకానికీ పోక, ఇటు ఇంట్లోకీ రాలేక, నీళ్ళలో నానుతూ నిలబడి ఉంటే, తను మాత్రం వచ్చినవాళ్ళకల్లా వడ్డిస్తూ కూర్చుంది. ఆమెకు తన చేతి వంట మీదే రోత పుట్టింది.

నది వైపు నుంచి చెంచా చప్పుడైంది.

రంపై గుండె ఆగినంత పనైంది. తడబడుతూ లేచి వెళ్ళి చూసింది. బల్ల ముందు ఇనేస్ కూర్చుని ఉంది. పోర్చుగల్ నుంచి తిండి రుచులు వెతుక్కుంటూ ఒంటరిగా బయల్దేరిన పిల్ల. దారిలో బస్సు చెడిపోయి, రాత్రి ఆలస్యంగా చేరి, ఏమీ తినకుండానే పడుకుండిపోయింది. ఇప్పుడు రెండు చేతులతో గిన్నె ఎత్తి అడుగున మిగిలిన నీళ్ళు తాగబోతోంది.

"అయ్యో, అది నీది కాదు పిల్లా!"

ఇనేస్ ఉలిక్కిపడి గిన్నె దించింది. తనకొచ్చిన నాలుగు థాయ్ ముక్కలూ కూడదీసుకుని, "నా కోసం పెట్టారనుకున్నా, అక్కా... ఎవరిది?" అంది.

రంపై బల్ల దగ్గరకొచ్చింది. ఖాళీ పళ్ళెం వైపు చూస్తుండగా ఆమెకో ఆలోచన వచ్చింది. తప్పని తెలుసు. అయినా మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే. "నువ్వు గదిలోకి వెళ్ళు. పిలిచేదాకా రాకు" అని ఆ పిల్లని పంపేసి, "అమ్మా!" అని గట్టిగా కేక పెట్టింది.

ప్రయోంగ్ తడి జుట్టుతోనే వచ్చింది.

"చూడమ్మా. తమ్ముడొచ్చాడు. తిన్నాడు. కడుపు నిండింది వాడికి. ఇంక సుఖంగా పంపించెయ్యమ్మా."

ముసలామె మోకాళ్ళ మీద కూలబడింది. గిన్నెని రెండు చేతులా పట్టుకుంది. ఆ ముడతల మొహంలో వెలుగొచ్చింది. ఆరేళ్ళలో తల్లిని అలా చూడని రంపై, తను చేసిన పనికి సిగ్గుపడి చూపు తిప్పుకుంది. ప్రయోంగ్ గిన్నెని వెలుతురు వైపు వంచింది.

"రంపై."

"ఊఁ."

"నీళ్ళ మీద నూనె తేలుతోందే."

రంపై తల దించుకుంది.

"ఈ ఇంట్లో పుట్టినవాడెవడైనా రొయ్యముద్ద ఉండల్ని నీళ్ళలో వేస్తాడా? ఉండ నోట్లో, నీళ్ళు ఆ తర్వాత. పాలపళ్ళ వయసులో ఒక్కసారి వేస్తే వాడి చెయ్యి వాచేలా కొట్టాను. మళ్ళీ జన్మలో వెయ్యలేదు. ఎవరో ఊరుగాని ఊరివాళ్ళు తిన్నారిది. ఎవరే?"

"రాత్రి వచ్చిన పిల్ల."

"తెలిసే నాతో అన్నావా? చచ్చిన కొడుకు వచ్చి తిన్నాడని కన్నతల్లితో అబద్ధమాడతావా? నీకు నోరెలా వచ్చిందే!"

రంపై మెల్లగా తలెత్తింది. "ఏమన్నావమ్మా?"

ప్రయోంగ్ గిన్నెని బల్ల మీద పెట్టేసింది.

"చచ్చిన కొడుకన్నావు. ఆరేళ్ళలో మొదటిసారి అన్నావు."

నదిలో ఏదో పడవ వెళ్ళింది. దాని అలలు వచ్చి మెట్లని తాకాయి. ప్రయోంగ్ అవి సద్దుమణిగేదాకా చూసింది.

"నాకు తెలీదనుకున్నావా?" అంది చివరికి. "పేగు తెగితే తల్లికి తెలీదూ? పడవ చెక్కలు చూసిన రోజే తెలుసు."

"మరెందుకమ్మా?"

"తెల్లారగట్ల అడుగులు వినపడతాయే. తడి అడుగులు. అడుగు మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కుతాడు. మూడో మెట్టు దగ్గర ఆగిపోతాడు. నీళ్ళు వదిలితే వెళ్ళిపోతాడుగా! ఇంక రాడుగా! ఆ అడుగులే నాకు మిగిలిన కొడుకు. వాటిని కూడా పోగొట్టుకోమంటావా?"

రంపై ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ అడుగులు ఆమె కూడా విన్నది. నీళ్ళు రాతికి కొట్టుకుంటున్నాయని ప్రతిసారీ తనకి తనే సర్దిచెప్పుకుంది.

"మూడో మెట్టు దగ్గర ఎందుకాగుతాడో ఎప్పుడైనా అడిగావా అమ్మా?" రంపై మూడో మెట్టు వైపు చెయ్యి చూపించింది. "అక్కణ్ణుంచి గిన్నె కనపడుతుంది. చెయ్యి అందదు. నువ్వు పెడతావు, వాడు చూస్తాడు. అంతే. రోజూ అంతే!"

"నోర్ముయ్!"

"నేను మూసుకుంటాను. వాడి ఆకలి మూసుకోదే!"

గది తలుపు తెరుచుకుంది. ఈ కేకలన్నీ తన వల్లేననుకుందేమో, ఇనేస్ వచ్చి ముసలామె ముందు మోకరిల్లి చేతులు జోడించింది. ఆ పిల్ల గడ్డం మీద ఇంకా ఓ ముల్లంగి పోగు అంటుకుని ఉంది.

"నాది తప్పు, అమ్మమ్మా. నిన్న మధ్యాహ్నం నుంచి తినలేదు. గిన్నె కనపడింది."

"ఎవరిదని అడగాలని లేదా?"

"అడగాలి. కానీ... చాలా ఆకలి."

ఆకలి రుచెరుగదంటారు. అది హద్దులు మాత్రం ఎరుగుతుందా? ప్రయోంగ్ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. కోపం ఎటు పోయిందో, చెయ్యి చాచి గడ్డం మీది పోగు తీసేసింది.

"ఇంకా ఆకలేనా?"

ఇనేస్ సిగ్గుపడుతూ తలూపింది.

ముసలామె లేచి వెళ్ళి ఇంకో గిన్నె తెచ్చింది. "ఇదిగో, ఉండ కొరుకు. నములు. ఇప్పుడు నీళ్ళన్నం ఓ చెంచా. ఆఁ, అలా. మల్లెనీళ్ళకి నూనె అంటించకూడదు" అంటూ ఎదురుగా కూర్చుంది. ఆ పిల్ల మర్యాదకి నాలుగు ముద్దలు నెమ్మదిగా తిన్నది. తర్వాత ఆకలే గెలిచింది. గబగబా, తల ఎత్తకుండా తింటోంది. ప్రయోంగ్ ప్రతి ముద్దా చూస్తోంది. చూస్తూ చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎలా తింటోందో చూడవే రంపై. ఒక్కపూట తినకపోతేనే ఈ పిల్ల ఇలా ఉంది." ఆమె భుజాలు కుదిలిపోయాయి. "నేను ఆరేళ్ళు... వాడి అడుగులు వినాలని ఆరేళ్ళు నా బిడ్డ కడుపు మాడ్చానే! ఏ తల్లయినా చేస్తుందా ఈ పని?"

రంపై తల్లిని పొదువుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఇనేస్ చెంచా దించేసి బిక్కమొహంతో చూస్తూ ఉండిపోయింది.

గుమ్మం దగ్గర కాషాయం కనిపించింది. ప్రయోంగ్ కళ్ళు తుడుచుకుని తనే ఖావ్ చే కట్టింది, నంజుళ్ళు విడిగా పెట్టింది, చెప్పులు విడిచి భిక్షాపాత్రలో ఉంచింది. భిక్షువు దీవెన చదవడం మొదలుపెట్టాడు. ప్రయోంగ్ మోకాళ్ళ మీద కూర్చుని చిన్న ఇత్తడి చెంబు వంచింది. ఆమె మోచేతిని రంపై తాకింది. పుణ్యంలో అందరూ అలాగే చేరతారు. రంపై సైగ చేస్తే ఇనేస్ కూడా వచ్చి రంపై మోచేతిని తాకింది.

ధార సన్నగా పడుతోంది. సగంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ధార తెగబోతోందని రంపై ఊపిరి బిగబట్టింది.

"దేచా," అంది ప్రయోంగ్. "తినరా నాయనా. తిని వెళ్ళు." చెంబు పూర్తిగా వంచేసింది.

ఆ నీళ్ళని తీసుకెళ్ళి మల్లెచెట్టు మొదట్లో పోశారు.

మర్నాడు రంపై లేచేసరికి తల్లి అప్పటికే మెట్ల దగ్గర కూర్చుని ఉంది. నీలం అంచు గిన్నె ఒళ్ళో ఉంది, ఖాళీగా. రంపై వెళ్ళి పక్కన కూర్చుంది. నది మీద వెలుగు పరుచుకుంది. మూడో మెట్టు పొడిగా ఉంది.

"వినపడ్డాయా అమ్మా?"

"లేదే," అంది ప్రయోంగ్. గిన్నె కూతురి చేతిలో పెట్టింది. "ఆ పిల్ల లేచిందేమో చూడు. దీన్లోనే పెట్టు. ఉండలు నీళ్ళలో వెయ్యొద్దని మాత్రం మళ్ళీ ఓసారి చెప్పు."