మూడుసార్లు చెప్పిన నొప్పి

"అక్కా, నా మొగుణ్ణి నేనే విషం పెట్టి చంపానంటున్నారు!" బురుల్ గుమ్మంలోనే ఏడ్చేసింది. "ఆయన పోయిన నలభయ్యో రోజు పెట్టే భోజనాలు కాగానే పోలీసులకి పట్టిస్తాడట మా బావగారు ఎసెన్."

పద్దెనిమిదేళ్ళు పోలీసు శాఖలో చేసి, ఇప్పుడు తోక్మోక్ పట్టణంలో సొంతంగా పరిశోధనలు చేస్తున్న అనారా ఆమెను కూర్చోబెట్టింది. ఒకప్పుడు అంబులెన్సు నడిపిన ఆమె సహాయకుడు సాగిన్ టీ పోశాడు.

బురుల్ భర్త జెంగిష్‌కు నలభై ఆరేళ్ళు. తాగడు, సిగరెట్ ముట్టడు. అన్న ఎసెన్‌లాగే కుర్రతనంలో ఆఫ్ఘన్ యుద్ధానికి వెళ్ళొచ్చాడు. మే పన్నెండున మధ్యాహ్నం గిన్నెడు మక్సిమ్, ఇంట్లో పులియబెట్టిన గింజల జావ, తాగి కుప్పకూలాడు.

"ఆ మక్సిమ్ ఇంకెవరు తాగారు?"

"నేనూ తాగాను. అదే కుండలోది."

"నిద్ర పట్టేదా అతనికి?"

"ఎక్కడ! ఇరవై ఏళ్ళుగా గోడకానుకుని కూర్చునే పడుకునేవాడు. అరుస్తూ లేచేవాడు. మే తొమ్మిది యుద్ధవిజయం పండక్కి టపాసులు కాలుస్తారుగా, ఆ రోజంతా నేలమాళిగలోంచి కదల్లేదు. నేనూ పక్కనే ఉన్నా. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసపడి ఎడమ భుజం రుద్దుకునేవాడు. డాక్టరేమో నిద్రమాత్రలిచ్చి పంపేవాడు."

ఆసుపత్రిలో ఆ మాత్రలిచ్చిన డాక్టర్ కదిర్‌కుల్ జెంగిష్ కార్డు బల్లమీద పడేశాడు. మొదటి మూడుసార్లూ 'నరాల బలహీనత' అని రాసుంది. నాలుగోది: 'మే 9. ఈసీజీ తీశాం. లోపం లేదు.'

"ఆఫ్ఘన్ వెళ్ళొచ్చినవాళ్ళంతా ఇంతేనమ్మా. ఛాతీ అంటారు, చూస్తే నరాలు. పెళ్ళాం పెట్టిందేదో వికటించింది."

"ఆ ఈసీజీ కాగితం చూపిస్తారా?"

"ఎక్కడో పడిపోయింది."

బయటికొచ్చాక సాగిన్ నిట్టూర్చాడు. "కార్డులో అంతా సరిగ్గానే ఉందిగా?"

అనారా కారు తలుపు దడాలున వేసింది. "సరిగ్గా ఉండేలా రాశారు."

మర్నాడు ఆమె డాక్టర్నీ, ఎసెన్‌నీ బురుల్ ఇంటికి పిలిపించింది.

"ఒకే కుండలోది తాగిన బురుల్‌కి ఏమీ కాలేదు. భుజంలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, ఇవి విషం లక్షణాలు కావు, గుండె జబ్బువి. డాక్టరుగారూ, మే తొమ్మిదిన జెంగిష్ ఇల్లే కదల్లేదు. ఈసీజీ ఎవరికి తీశారు?"

డాక్టరు ముఖం పాలిపోయింది. "ఆ ఈసీజీ మాట అతను చనిపోయాక రాశాను... కానీ నిజంగా నరాలే అనుకున్నాను!"

"నరాలే! ఇరవై ఏళ్ళు నిద్రపోనివ్వని భయం గుండెను మాత్రం వదిలేస్తుందా? మూడుసార్లొచ్చి చెప్పుకున్నాడు. ఒక్కసారైనా ఛాతీమీద గొట్టం పెట్టారా? పైగా మీ తప్పు ఈ ఆడమనిషి నెత్తిన రుద్దారు."

ఎసెన్ మరదలి ముందు తలదించుకున్నాడు. "అమ్మాయ్, ఈ నోటితో ఎంత మాటన్నాను!" అంటూ ఎడమ భుజం నొక్కుకున్నాడు.

అనారా అది చూసింది. "అన్నా, నువ్వు ఎలా పడుకుంటున్నావ్?"

"కూర్చునే," అన్నాడతను మెల్లగా.

సాగిన్ గంటలో ఎసెన్‌నీ, అనారానీ రాజధాని బిష్కెక్‌లోని పెద్దాసుపత్రికి చేర్చాడు. గుండె విభాగంలో యుద్ధం మాట వినగానే నరాల డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. అక్కడ, ముందు గుండె చూపించుకు రమ్మన్నారు. మళ్ళీ మొదటి గదికొస్తే, రేపు రమ్మంది నర్సు.

అనారా కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"ఇద్దరు డాక్టర్లూ ఈ గదిలోకే వచ్చి ఈయన్ని చూస్తారు. అందాకా నన్ను దాటి ఎవరూ బయటికెళ్ళరు."